ఆర్మూరులో మూసా తల్లి కథ చదివిన రోజు

ఎం.ఏ. తెలుగులో నా సెమినార్ అంశం, ఇస్లాం పవిత్ర గ్రంథంలో ప్రవక్తలు పాత్రలుగా ఎలా నిలుస్తారన్నది. అనువాదం చదువుతుంటే మూసా ప్రవక్త (బైబిల్లోని మోషే) కథ నన్ను తికమక పెట్టింది. అది ఒకచోట పూర్తిగా ఉండదు. ఒక అధ్యాయంలో దూరాన కనిపించిన మంటతో మొదలవుతుంది, మరోచోట తల్లితో, ఇంకోచోట ఈజిప్టు రాజు కొలువులో. నేను ముక్కలన్నీ ఏరి, అనవసరం అనిపించినవి తీసేసి, పుట్టుక నుంచి వరుసగా రాసుకున్నాను. స్నేహితురాలు రేష్మ వాళ్ల దాదీ (నానమ్మ) రిటైరైన ఉర్దూ టీచరు. ఆమెకు చూపించాలని ఆర్మూరు బయలుదేరాను.

నిజామాబాద్‌లో ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కితే ఆర్మూరు గంట ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. దారిపొడవునా ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది. బస్టాండు నుంచి ఆటోకు ముప్పై రూపాయలు.

"గింత దుమ్మేందన్నా?" అన్నాను.

"దుమ్మంటవేంది చెల్లె, పసుపది! మొకానికి ఫ్రీగ దొరుకుతున్నది, రాసుకో" అని నవ్వాడు ఆటో అన్న.

రేష్మ ఇంటి ముందు వ్యాను ఆగి ఉంది. ఇంట్లో ఆమె అక్క షబానా ఆపా, ఒడిలో నెలల పాప. పాప గుండెలో రంధ్రం. మర్నాడు హైదరాబాద్‌లో ఆపరేషన్. పొద్దున్నుంచీ అందరూ బతిమాలుతున్నా ఆపా వ్యాను ఎక్కడం లేదు. ఆ హడావుడిలో రేష్మ నాకు ఈ సంగతి చెప్పనేలేదు. వెనక్కి తిరగబోతే దాదీ ఆపింది.

"కూసో బిడ్డా. రాసింది చదువు. జర దాని మనసన్న మళ్లుతది."

చదివాను. రాజు మగశిశువులను చంపిస్తున్న కాలం. బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో విడిచిపెట్టమని, భయపడొద్దని, తిరిగి ఒడికి చేరుస్తానని మూసా తల్లికి దేవుడు మాట ఇస్తాడు. పెట్టె రాజభవనం చేరింది...

"ఆగు" అంది ఆపా. "గామెకు మాటిచ్చిండు. నాకెవరిచ్చిండ్రు?"

వ్యాను దగ్గర నిలబడ్డ ఆమె భర్త తల దించుకున్నాడు. ధైర్యం కోసం చదివిన కథ ఆమెను ఇంకా ఒంటరిని చేసింది.

దాదీ నా కాగితం లాక్కుని చూసింది. "నడిమిట్ల ముక్కేమాయె? బిడ్డను విడిచినంక గామె దిల్ ఖాళీ అయింది. జరైతే వాడు తన బిడ్డేనని అందరి ముంగట బయటపెడుతుండె. గది తీసేసినవేంది?"

"కథ ఆగిపోతుందని, దాదీ..."

"ఆగాలె మరి!" అని మనవరాలి వైపు తిరిగింది. "విన్నవా షబ్బూ? దేవుడు మాటిచ్చినామెకే గట్లయింది. నీకు భయమైతే తప్పా? భయపడుకుంటనే ఎక్కు."

"మల్ల చెప్పు దాదీ" అంది ఆపా. దాదీ మళ్లీ చెప్పింది, ఆ పైన ఇంకోసారి. అప్పుడు ఆపా లేచి, పాపకు టోపీ తొడిగి, వ్యాను ఎక్కింది.

ఆపా అడిగిన ఆ ప్రశ్న నుంచి నేనింకా తేరుకోలేదు. ప్రవక్తల కథలను జీవితచరిత్రలనుకున్నాను. ఆ గ్రంథంలో వాళ్లు వినేవాళ్లకు ఆ వేళ కావలసిన ముక్కతో వస్తారు, అందుకే మళ్లీ మళ్లీ వస్తారు. ఈ ముక్కలో ప్రవక్త మాటలు రాని పసికందు. అతని తల్లికి పేరైనా లేదు. ఆ పేరు లేని చోట షబానా ఆపా కూర్చోవడం నా కళ్లతో చూశాను.

మీరూ ఇలా పుస్తకం పట్టుకుని ఎవరింటికైనా వెళ్లేటట్టయితే, ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ముందే కనుక్కుని బస్సెక్కండి. ఇది రాస్తుండగా హైదరాబాద్‌లో ఆపరేషన్ నడుస్తోంది. తీసేసిన ముక్కను దాని చోట తిరిగి రాశాను. అక్కడి నుంచి ముందుకు, బిడ్డ తల్లి ఒడికి తిరిగి చేరే చోటు దాకా, రాయడానికి చెయ్యి రావడం లేదు.