ఆటపెట్టెలో మైనం

మా ఆయన బొగ్గుబాయిలో ఫిట్టరుగా ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. భూమి కింద నీళ్లు తోడే పంపులు మొరాయించినప్పుడల్లా ఆయనకు కబురు వచ్చేది. రిటైరయ్యాక కబుర్లు ఆగిపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. ఆయన చూపు మెల్లగా ఇంట్లో వస్తువుల మీద పడింది.

అప్పుడే మేము కొత్తగూడెంలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఊరి చివర కట్టుకున్న సొంతింట్లోకి వచ్చాం. క్వార్టరు సజ్జ మీద పాతికేళ్లుగా పేరుకున్న అట్టపెట్టెలన్నీ మాతోపాటే ఆటో ఎక్కి వచ్చాయి. పనికిరానివి పారేద్దామన్నాను.

"విప్పి చూడకముందే పనికిరావని ఎట్ల చెప్తవ్? నువ్వు బడిల పిల్లలకు గిట్లనే మార్కులు ఏసినవా?" అన్నాడు.

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి మానేసినదాన్ని. ఆ మాటకు నాకు కోపం రావాలి. కానీ ఆయన మొదటి పెట్టె విప్పగానే అందులోంచి నా వస్తువులే బయటపడ్డాయి కాబట్టి నోరు మూసుకున్నాను. మూడు పాలపొడి డబ్బాల నిండా కొవ్వొత్తి ముక్కలు. రోజూ కరెంటు పోయే కాలంలో కాల్చి, మిగిలిన కొసలు దాచాను. ఎందుకు దాచానంటే చెప్పలేను. ఇంకా అంగుళం మిగిలి ఉన్న వస్తువును పారేయడానికి నాకు చెయ్యి రాదు.

ఆయన వాటిని పేపరు మీద పోసి రంగుల వారీగా కుప్పలు పెట్టాడు. నా పాలగిన్నెను నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి, అందులో మైనం కరిగించాడు. అచ్చుల కోసం ఇల్లంతా వెతికి చివరికి ఇడ్లీ రేకులు తీసుకున్నాడు. నేను దేవుడి దగ్గరికి చేసుకున్న వత్తుల్లోంచి పన్నెండు తీసి, గుంటకొకటి నిలబెట్టి, మైనం పోశాడు. చల్లారాక బోర్లించి తడితే పన్నెండు తెల్లని ఇడ్లీలు గుండ్రంగా, నున్నగా వచ్చాయి. నా నలభయ్యేళ్ల ఇడ్లీల్లో ఒక్క వాయి అంత బాగా రాలేదని ఒప్పుకోవాలి. వాటిని స్టీలు పళ్లెంలో పేర్చి, దుమ్ము పడకుండా మూత పెట్టి, టేబుల్ మీద ఉంచాడు.

ఆ మర్నాడే మా వదిన వచ్చింది. అంటే ఆయన అక్క. వాళ్లది దమ్మపేట, పామాయిల్ తోట ఉంది. మోకాళ్ల నొప్పికి దవాఖానాలో చూపించుకుందామని పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చింది. నేను స్నానం చేస్తున్నాను, ఆయన పెరట్లో ఉన్నాడు. ఆమె మాకేమీ కొత్త మనిషి కాదు. మూత తీసి రెండు పళ్లెంలో పెట్టుకుని, కారప్పొడి వేసుకుని, నెయ్యి పోసుకుంది.

నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె నములుతోంది. నా వంటకు వంక పెట్టడం ఇష్టం లేక, బాగా ఆలోచించి మాట్లాడింది.

"మినప్పప్పు కొంచెం తక్కువేసినవా అమ్మాయ్? బిరుసొచ్చినయ్."

నేను నోరు తెరిచేలోపే ఆమె పళ్ల మధ్య నుంచి ఏదో పట్టుకుని లాగింది.

"ఇడ్లీల దారం ఏందే?"

మొత్తం వివరం విన్నాక ఆమె పెరట్లోకి వెళ్లి తమ్ముడి వీపు మీద రెండు చరిచింది. మోకాళ్ల కోసం వచ్చిన మనిషి డాక్టరుకు ముందు మైనం సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది. ఏమీ కాదు, పోతుందిలెమ్మన్నాడట.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది రెండో పెట్టె సంగతి. అందులో పాత చీర ముక్కలో చుట్టిన మా అమ్మాయి వీడియో గేమ్ ఉంది. టీవీకి తగిలించి, పైన గాడిలో క్యాసెట్ గుచ్చి ఆడేది. దాన్ని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. నేను చీర ముక్కను మళ్లీ దాని మీదికి లాగాను.

అది ఎందుకు పాడైందో ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు.

మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పటి మాట. ఒక్కతే కూతురు. తండ్రి మొదటి షిఫ్టు నుంచి రావడం, కూతురు బడి నుంచి రావడం, ఇద్దరూ టీవీ ముందు కూర్చోవడం. ఒక చిన్న మనిషి గుంటలు దూకుతూ పోయే ఆట అది. నేను బతిమాలాను, తిట్టాను, ఒకపూట వంట మానేశాను. ఆ పూట ఇద్దరూ అటుకులు తిని ఆడుకున్నారు. పరీక్షలు మూడు నెలల్లోకి వచ్చాయి. ఒక సాయంత్రం ఇద్దరూ బజారుకు వెళ్లారు, కరెంటు పోయింది. నేను కొవ్వొత్తి వెలిగించాను. ఎదురుగా ఆటపెట్టె, పైన దాని గాడి. కొవ్వొత్తిని వంచాను. ఇరవై, ముప్ఫై చుక్కలు పడ్డాయేమో. పైకి కనిపించిన మైనాన్ని గోరుతో గీకి శుభ్రం చేశాను కూడా.

ఆట ఆగిపోయాక జరిగింది నేను ఊహించలేదు. నువ్వే ఆ పెట్టె మీద చాయ్ ఒలికించావని కూతురు తండ్రిని పట్టుకుంది. నూనె చేతులతో క్యాసెట్ గుచ్చింది నువ్వేనని ఆయన కూతుర్ని పట్టుకున్నాడు. ఇద్దరూ న్యాయం చెప్పమని నా దగ్గరికే వచ్చారు. నేను తీరిగ్గా కూర్చుని ఇరువైపులా విని, తప్పు ఇద్దరిదీ చెరిసగం అని తీర్పు చెప్పి, పరీక్షలయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని దాన్ని చీరలో చుట్టి సజ్జ ఎక్కించాను. పరీక్షలయ్యాక దాన్ని దింపమని ఎవరూ అడగలేదు. వాళ్లిద్దరి మధ్య ఆ తగవు మాత్రం తెగలేదు. అమ్మాయి ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగంలో చేరాక కూడా ఇంటికి వచ్చినప్పుడల్లా చాయ్ అని ఒకరు, నూనె అని ఒకరు. నేను మధ్యలో పెద్దరికం చేస్తూనే ఉన్నాను.

"దీన్ని బతికిస్త. బిడ్డ వచ్చేసరికి ఆడిపిస్త" అన్నాడు ఆయన. మా కొత్త టీవీ వెనక చేయి పెట్టి తడిమాడు. ఆటపెట్టె ఎర్ర, పసుప్పచ్చ వైర్లు గుచ్చడానికి దానికి రంధ్రాలే లేవు. పాత డబ్బా టీవీ కావాలి. మా పాతది ఎప్పుడో దమ్మపేట వదినకు ఇచ్చేశాం.

నేను లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాను. కానీ మర్నాడే దమ్మపేట ప్రయాణం కట్టించాడు.

టీవీ వదిన వాళ్ల సామాన్ల గదిలో ఉంది. దాని మీద గంప, గంపలో గడ్డి, గడ్డిలో పదమూడు గుడ్ల మీద ఒక నల్ల కోడి పొదుగుతూ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మెడ ఈకలు నిక్కించింది.

"గంప జర పక్కన పెడ్త అక్కా" అన్నాడు ఆయన.

"కదిలిస్తే గుడ్లిడిసి లేస్తది. కూసొని రెండ్రోజులే అయింది. పిల్లలు దిగినాంక రా."

"ఇంకా పందొమ్మిది రోజులా?"

"నాకు మైనం తినబెట్టినోడివి, పందొమ్మిది రోజులు ఆగలేవా?"

ఉత్త చేతులతో వచ్చేశాం. ఆ పందొమ్మిది రోజులూ నాకు దొరికిన గడువు. రోజూ పొద్దున చాయ్ ఇస్తూ చెప్పేద్దామనుకున్నాను. ఆయన చాయ్ తాగుతూ, "ఇగో, నేను దీనిమీద చాయ్ ఒలకపోసింది ఒట్టి అబద్ధం, ఇప్పుడు విప్పితే రుజువైతది" అనేవాడు. నేను ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఒకరోజు ఆయన బజారుకు వెళ్లినప్పుడు తలపిన్ను తీసుకుని గాడిలో గోకబోయాను. చీకట్లో ఏమీ కనిపించలేదు సరికదా, పిన్ను కొన విరిగి లోపలే పడిపోయింది. ఉన్న నేరానికి ఇంకొకటి తోడైంది.

గుడ్లు పదకొండు పిల్లలయ్యాయి. టీవీ ఆటోలో వచ్చింది. రెండో శనివారం సెలవని అమ్మాయి కూడా ఖమ్మం నుంచి వచ్చింది. తండ్రీకూతుళ్లు నేల మీద చాప వేసుకుని, పక్కపక్కన కూర్చుని వైర్లు తగిలించారు. టీవీ బాగానే వెలిగింది. క్యాసెట్ గుచ్చితే తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు.

"చూసినవా, నీ చాయ్" అంది అమ్మాయి.

"చాయ్ కాదు, నీ నూనె. ఇప్పుడు తేలుస్త" అని ఆయన స్క్రూలు విప్పాడు. కళ్లద్దాలు నుదుటి నుంచి కిందికి దించి, గాడిలోకి టార్చి వేశాడు. సన్న స్క్రూడ్రైవరుతో కొంచెం పెకిలించి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. నేను వంటింట్లోకి పోదామని లేచాను.

"ఇది మైనం" అన్నాడు.

నెలరోజులుగా మైనంలో మునిగి తేలిన మనిషి. వేరే ఎవరైనా అయితే బంక అనో, మురికి అనో అనుకునేవాళ్లు. తర్వాత పిన్ను కొన కూడా బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని చూశాడు. అది కొత్తగా మెరుస్తోంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు.

"అమ్మా," అంది అమ్మాయి, "ఇంట్ల క్యాండిల్ ముక్కలు దాచేది ఎవరు?"

చెప్పేశాను. నిలబడే మొత్తం చెప్పాను. కరెంటు పోవడం, కొవ్వొత్తి వంచడం, గోరుతో గీకడం, పిన్ను విరగడం. చెప్తుంటే భయం పోయి రోషం వచ్చింది. "మరేం చేయాలి? పరీక్షలప్పుడు తండ్రివై ఉండి నువ్వే దాన్ని ఆటకు కూర్చోబెడితివి. ఆ ఆట ఆగబట్టే కదా లెక్కల్లో దానికి అన్ని మార్కులు వచ్చినయ్! ఆదివారం ఆదివారం నీ వెంట ఆ లెక్కల సారు దగ్గరికి ట్యూషనుకు పంపించబట్టే కదా!"

ఆ మాటకు ఇద్దరూ తల దించుకున్నారు. తిట్టినందుకు కాదని నాకు వెంటనే అర్థమైంది. బడిలో చాలామంది పిల్లల్ని చూశాను, ఆ తల దించుకునే తీరు వేరు.

"ఇంతకీ ఎవరా సారు?" అన్నాను.

అమ్మాయి తండ్రి మోచేతిని పొడిచింది. "నువ్వే చెప్పు డాడీ."

వెనక వరస క్వార్టర్లలో ఆయన తోటి ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. వాళ్లింట్లో అచ్చం ఇలాంటి ఆటపెట్టే ఉంది. మా పెట్టె సజ్జ ఎక్కిన వారమే వీళ్లిద్దరూ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లి, రెండు గంటలు ఆడుకుని వచ్చేవాళ్లు. లెక్కల సారు అనే మనిషే లేడు.

ఆ లేని సారు కోసం నేను వారం వారం డబ్బా నిండా చెక్కలు చేసి పంపించాను. సారు పిల్లలకు కారం ఎక్కువవుతుందేమోనని తగ్గించి మరీ వేశాను. ఫలితాలు వచ్చిన రోజు స్వయంగా వెళ్లి దండం పెడతానంటే, సారుకు బదిలీ అయిందన్నారు. అయ్యో అని కూర్చుని మూడు పేజీల ఉత్తరం రాసిచ్చాను, ఎలాగైనా చేర్చమని. గురువు అనే మాటకు అర్థం కూడా అందులో వివరించాను.

"ఆ ఉత్తరం ఏం చేసిండ్రు?"

"చదివినం" అన్నాడు ఆయన. "మస్తుగ రాసినవ్. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్ తెలుసా?"

"చెక్కలో?"

"అవి కూడ మంచిగుండె. కారమే జర తక్కువ."

నాకు ముందు ఏడుపు వచ్చింది, ఆ వెంటనే నవ్వు వచ్చింది. చివరికి చాప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అమ్మాయి నా ఒళ్లో తల పెట్టి పడిపడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా, "అంటే చాయ్ ఒలకలేదు. నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న" అన్నాడు. ఇన్నేళ్ల కేసులో ఆయనకు ముఖ్యం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో గాడిలోకి వేడిగాలి పట్టింది. మైనం మెత్తబడి కారుతుంటే ఆయన పాత పళ్ల బ్రష్షుతో తుడిచాడు. తర్వాత స్పిరిట్ పెట్టి మళ్లీ తోమాడు. నా పని టార్చి పట్టుకోవడం. సరిగ్గా పట్టడం లేదని ఇద్దరూ చెరొకసారి తిట్టారు. పడ్డాను. ఐదు గంటలకు క్యాసెట్ గుచ్చితే సన్నగా, కీచుగా ఆ పాట వచ్చింది. పాతికేళ్ల కిందట నా నెత్తి మీద మోగిన పాటే. ఆ చిన్న మనిషి తెర మీద నిలబడి కదలడానికి సిద్ధంగా ఉన్నాడు.

శిక్ష ఏమిటో అమ్మాయే చెప్పింది. నేను ఒక ఆట ఆడాలి. జీవితంలో ముట్టుకోని వస్తువు. ఏది నొక్కాలో చెప్పేలోపే నా మనిషి నడుచుకుంటూ వెళ్లి మొదటి గుంటలో పడిపోయాడు.

"దూకాలె! చూసి దూకాలె!" అని ఆయన బాయిలో మాదిరి అరిచాడు.

రెండోసారీ అదే గుంట. మూడోసారి దాటాను. దాటి, ఆ సంతోషంలో లేచి నిలబడ్డాను. నిలబడితే వైరు లాగి పెట్టె బోర్లా పడింది. ఇద్దరూ కలిసి దాన్ని నాకు అందనంత దూరం జరిపారు.

అమ్మాయి ఆదివారం సాయంత్రం ఖమ్మం వెళ్లిపోయింది. ఆయన ఇప్పుడు పక్కింటివాళ్ల గ్రైండరు విప్పి ముందరేసుకున్నాడు. పొద్దున పనయ్యాక నాకు గంట తీరిక దొరుకుతుంది. తలుపు దగ్గరికి వేసి చాప పరుచుకుంటాను. నాలుగో దశలో ఒక కదిలే పలక ఉంది. అక్కడ వారం రోజులు ఇరుక్కుని, ఎవరి సాయమూ లేకుండా నిన్న దాటాను. అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఇదివరకు బీపీ గోళి వేసుకున్నావా అని అడిగేది. ఇప్పుడు ముందు, "ఎక్కడి దాకా పోయినవ్ అమ్మా?" అంటుంది.