జోగయ్యగారి ‘ఏ రద్దు?’

ఆమదాలవలస రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసే జోగయ్యగారి ముందు ‘రద్దు’ అన్న మాట అనకూడదు. అన్నారో, ఆ పూటకి మీ పని ఆఖరు. “ఏ రద్దు?” అని మొదలెడతారు.

ఓసారి ఆయన భార్య అసిరమ్మ “ఈ పూట వంకాయ కూర రద్దు” అంటే, “వండిందా, వండబోయేదా?” అని అడిగి పస్తు పడుకున్నారు.

అరవై ఎనిమిదిలో నేను విజయనగరంలో కాలేజీ మానేసి ఇంటికొచ్చాను. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. మా నాన్న గణపతిరావుకి మాత్రం ఏం చెయ్యాలో తెలుసు. నా పేర రాసిన వీలునామా రద్దు చేసి, పల్లపు రెండెకరాలూ మా బాబాయికి రాస్తానన్నాడు. మాకున్న భూమంతా అదే.

“నీ కళ్ళముందే సేయిస్తాను, నడు!” అని నా చేతే గొడుగు పట్టించుకుని జోగయ్యగారి అరుగుకి బయల్దేరాడు.

“బావా, ఈ ఈలునామా రద్దు సెయ్యాల.”

“ఏ రద్దు?”

“రద్దంటే రద్దే. మళ్ళీ ఏటి?”

“ఇద్దరు రాసుకున్నది ఇద్దరూ వద్దనుకుంటే రద్దు. ఒక్కడివే రాసి ఒక్కడివే ఎనక్కి తీసుకుంటే ఉపసంహరణ. కోర్టోళ్ళు కాదంటే కొట్టివేత. పుట్టుకతోనే పనికిరానిదైతే సెల్లనిది. నీది ఏది?” అడుగుతున్నంతసేపూ ఆయన కలం ఏదో గీకుతూనే ఉంది.

నాన్న నాకేసి చూశాడు. “పుట్టుకతోనే పనికిరానిది ఈడే.”

“మనిషిని కాదు గణపతీ, కాగితాన్ని అడుగుతన్నాను. రేపు రా.”

మర్నాడు, పాతది చదివి వినిపించందే కొత్తది రాయనన్నారు. “‘నా ఏకైక కుమారుడు, నాకు విషజ్వరం తగిలినప్పుడు పదిరోజులు మంచం దిగకుండా సేవ చేసినందున...’ ఈ ముక్క ఏటి సెయ్యమంటావు? సేవ జరగలేదంటే అబద్ధం రాయించినట్టు. జరిగిందంటే...”

“జరిగిందిలే,” అని నాన్న గొణిగాడు.

మూడోరోజు కారణం అడిగారు.

“సదువు మానీసాడు.”

“ఇందులో సదువు మాటే లేదు కదా?”

“లేదు.”

“మరి?”

నాన్న తల పట్టుకున్నాడు. “నా మతి పోతంది బావా!” వీలునామా అక్కడే మరిచిపోయి లేచాడు. దారిలో, “రేపట్నుంచి ఊడుపులకి రా,” అన్నాడు. అంతే. బాబాయి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

నెల తర్వాత వీలునామా తెమ్మని నన్నే రైల్లో పంపాడు. జోగయ్యగారు పెట్టె తెరిచారు. వీలునామా కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో రద్దు పత్రం! పూర్తిగా రాసేసి ఉంది. తేదీ మేం వెళ్ళిన మొదటిరోజుదే. సంతకం ఒక్కటే లేదు.

“మొదటిరోజే రాసీసి, మూడు రోజులు ఎందుకు తిప్పీసారు మావా?”

“కోపమ్మీద సంతకం ఎడితే సెయ్యి వణుకుతాదిరా. కాగితం పాడైపోద్ది.”

నోరు ఊరుకోక, “అయితే ఈ కాగితం రద్దేనా?” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఏ రద్దు?”

ఆయన ముగించేసరికి, ఇంటికి నేను ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది.