గోడ మూలన బాపు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఇది. మా ఇంట్లో కెమెరాకు కనిపించని చోటు ఒకటి ఉండేది. ఇనుప బీరువాకూ దాని వెనక గోడకూ మధ్య మూరెడు వెడల్పు సందు. మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చుంటే నేను మొత్తం అందులో పట్టేదాన్ని, కాలి బొటనవేలు కూడా బయటికి వచ్చేది కాదు. ఆ చోటు కనిపెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం ఒక్కో చోట కూర్చుని, కెమెరా తల నా వైపు తిరుగుతుందా లేదా అని చూసేదాన్ని. తలుపు చాటున కూర్చుంటే తిరిగింది. మంచం పక్కన నేల మీద కూర్చున్నా తిరిగింది. దండెం మీది చీర వెనక దాక్కుంటే చీర కదిలినందుకు తిరిగింది. బీరువా సందులోకి దూరిన రోజు మాత్రం నన్ను బీరువా దాకా వెంబడించి, కాసేపు అక్కడే ఆగి, మెల్లగా అమ్మ వైపు మళ్లింది.

ఆ సందులో నేను చేసిన పని ఒక్కటే, నోట్‌బుక్కులో రాసుకోవడం. ఇంటర్ మొదటి ఏడాది నుంచి రాస్తున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. కాలేజీలో హాజరు పిలుస్తుంటే నాకన్నా ముందు నంబరు దగ్గరే గుండె దడ మొదలవుతుంది. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లైబ్రరీ పుస్తకం సంచిలో సగం దాచి చదువుకుంటాను. ఎడపల్లి దాటాక చెరుకు బండ్లు అడ్డమొచ్చి బస్సు ఆగితే అందరూ విసుక్కుంటారు, నాకు సంతోషం. ఆ రోజు ఎవరికీ చెప్పని మాటలన్నీ సాయంత్రం నోట్‌బుక్కులోకి పోతాయి. మాది రెండర్రల, అంటే రెండు గదుల రేకుల ఇల్లు. ముందర అర్రలో పడక, తిండి, అమ్మ బీడీలు చుట్టడం, అన్నీ. లోపలి అర్రలో వంట. ఇంతకుముందు ఎక్కడ కూర్చుని రాసుకున్నా అడిగేవాళ్లు లేరు.

కెమెరా ప్రేమతోనే వచ్చింది. అది మరిచిపోతే అబద్ధం రాసినట్టవుతుంది. బాపు, అంటే మా నాన్న, మస్కట్ పోయి పన్నెండేళ్లు. మొదట తాపీ పని, మోకాలు పోయాక ఒక గోదాము గేటు దగ్గర కూర్చునే పని. నిరుడు ఒకరోజు నేను కాలేజీలో ఉండగా అమ్మ కళ్లు తిరిగి పొయ్యి ముందర పడిపోయింది. బీడీల చేటలో ఫోను మోగుతూనే ఉంది. బాపు చేస్తున్నాడు. చివరికి మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆమె బీడీల ఆకు కట్ట అడగడానికి వచ్చి చూసింది. రెండు గంటలు ఇంట్లో ఏం జరుగుతోందో తెలియక బాపు ఆ గేటు దగ్గర ఎలా కూర్చున్నాడో ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ నెలలోనే సెలవు మీద వస్తున్న ఒకాయన చేతికి కెమెరా ఇచ్చి పంపాడు. కోడిగుడ్డు కన్నా కొంచెం పెద్దది, తెల్లగా, నున్నగా ఉంది. కేబుల్ ఆయన వచ్చి ముందర అర్ర మూలన, వీధి తలుపూ పొయ్యీ రెండూ కనిపించేలా బిగించి పోయాడు. బాపు అక్కడ తన ఫోనులో మమ్మల్ని చూస్తున్నప్పుడు దాని నొసట చిన్న నీలం లైటు వెలిగేది.

మొదటి సాయంత్రం అమ్మా నేనూ అన్నం తింటుంటే గోడ మూల నుంచి బాపు గొంతు వచ్చింది.

"ఏమే, నా బిడ్డకు ఇంకింత పప్పు వెయ్యి. పళ్లెం ఖాళీ అయింది సూడు."

అమ్మ చేతిలో గంటె కింద పడింది. "ఓయమ్మో! దయ్యమనుకున్న పో!"

"దయ్యాన్నే. పన్నెండేండ్లు ఎన్కవడి ఇయ్యాల పట్టుకున్న."

ముగ్గురం నవ్వాం. బాపు కూడా అక్కడ రొట్టె తింటున్నాడట. నమలడం వినిపించింది. ఎన్నో ఏళ్ల తర్వాత ముగ్గురం కలిసి తిన్నామని ఆ రోజు రాసుకున్నాను.

మా ముందర అర్రలో మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్లు చేటలు తెచ్చుకుని కూర్చునేవాళ్లు. ఎవరి బీడీలు వాళ్లవే, మాటలు మాత్రం అందరివీ. అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఖాలా. కెమెరా పెట్టిన మర్నాడు ఆమె గడప దగ్గరే ఆగి మూల వైపు చూసింది.

"గదేంది చెల్లె?"

"మా ఆయన."

"అరే! మా ఆయన ముంగటనే నేను తల మీది కొంగు తియ్య. మీ ఆయన ముంగట కూసొని ఆకు కత్తిరియ్యాల్నా? నహీ బాబా."

అందరూ పకపకా నవ్వారు. ఖాలా కూడా నవ్వింది. నవ్వుతూనే చేట చంకన పెట్టుకుని వాళ్లింటికి పోయింది. మిగిలినవాళ్లు పది రోజులు వచ్చారు. ఒకామె కోడలి గురించి ఏదో మొదలుపెట్టి, మూల వైపు చూసి, ఆ మాటను సగంలో మింగేసింది. తర్వాత ఆమె రాలేదు. నెల తిరిగేసరికి అర్రలో అమ్మ చేట ఒక్కటే మిగిలింది. కత్తెర చప్పుడు ఇంతకుముందు నాకెప్పుడూ వినిపించలేదు. ఇప్పుడు ప్రతి ఆకుకూ వినిపిస్తుంది.

అమ్మ ఎప్పుడు మారిందో తేదీ వేసి చెప్పలేను. మొదట పైట సర్దుకోవడం ఎక్కువైంది. తర్వాత బాపు అడగకముందే జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. "బజారుకు వోతున్న, గంటల వస్త" అని గోడకు చెప్పి చెప్పులు వేసుకునేది. నీలం లైటు లేనప్పుడు కూడా అట్లాగే చెప్పేది. "లైటు లేదమ్మా, బాపు చూస్తలేడు" అన్నాను ఒకసారి. "ఉంటే?" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నీలం లైటు వెలగడం మానేసింది. చెడిపోయిందేమోనని బాపునే అడిగాను.

"చెడలేదు బిడ్డ. ఫోన్ల బంద్ చేసిన. లైటు అగుపడితే మీరు జర బెదురుతుండ్రు. ఇప్పుడైతే మంచిగ మీ తీర్న మీరుంటరు."

ఆయన గొంతులో ఎంత ఆప్యాయత ఉందో నేను రాయగలను. అది విన్నాక నా వీపు మీద పాకింది ఏమిటో మాత్రం రాయలేను. ఆ వారమే నేను చోటు వెతకడం మొదలుపెట్టాను. బీరువా సందు దొరికాక నా ప్రాణం కుదుటపడింది. రోజూ నలభై నిమిషాలు. రాయడం అయ్యాక నోట్‌బుక్కును బీరువా అడుగున పాతవాటి పక్కన తోసి బయటికి వచ్చేదాన్ని.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున గాలిదుమారం వచ్చి మా గల్లీలో రెండు స్తంభాలు కూలాయి. కరెంటు పోయింది. కెమెరా తల కిందికి వాలి ఉండిపోయింది. అమ్మ కాసేపు దాని కిందనే నిలబడి చూసింది. చేయి ఊపింది. అది కదలలేదు. ఇంతలో బాపు ఫోను.

"కరెంటు లేదు. మంచిగనే ఉన్నం. చార్జింగ్ లేదు, బంద్ అయితది" అని అమ్మ పెట్టేసింది. తర్వాత ఫోను పూర్తిగా ఆపేసింది. చార్జింగ్ సగానికి పైనే ఉంది. నేను చూశానని అమ్మ చూసింది.

పావుగంటలో ఖాలా చేటతో సహా గడపలో నిలబడింది. "కరెంటు వోయిందంట గదా. ఉరికొచ్చిన!"

ఆమె వెనక ఇంకో ఇద్దరు. అమ్మ కొప్పు విప్పేసి, నేల మీద పడుకుని, కాళ్లు గోడకు ఆనించింది. అమ్మ అట్లా పడుకోగలదని నాకు తెలియదు. ఖాలా స్టూలు ఎక్కి, కెమెరా పక్కన ముఖం పెట్టి, గొంతు బొంగురు చేసింది. "ఏమే! నా బిడ్డకు పప్పు వెయ్యి! ఏమే! గా పొయ్యి బంద్ చెయ్యి! ఏమే! ఊపిరి గట్ల తీస్తున్నవేందే!" అమ్మ పొట్ట పట్టుకుని దొర్లింది. "దిగు అక్క, సస్త, దిగు" అని కళ్లు తుడుచుకుంది. నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు అంత పెద్దదని నాకే కొత్తగా అనిపించింది.

సాయంత్రం నాలుగున్నరకు కరెంటు వచ్చింది. మూలన టిక్కుమని చిన్న చప్పుడు. కెమెరా తల పైకి లేచి, ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా ఒక చుట్టు తిరిగింది. అర్రలో ఉన్నవాళ్లను లెక్కపెడుతున్నట్టు అనిపించింది. ఖాలా వంగి, గోడ పక్కనుంచి, చెప్పులు చేత పట్టుకుని బయటపడింది. మిగతావాళ్లు మాట్లాడకుండా చేటలు ఎత్తారు. అమ్మ కూర్చుని కొప్పు ముడి వేసుకుంది.

ఇదంతా సందులో కూర్చుని రాశాను. ఖాలా పెట్టిన గొంతు, అమ్మ కాళ్లు, ఆపేసిన ఫోను, అన్నీ. చివర్లో, "కరెంటు మళ్లీ ఎప్పుడు పోతుందో" అని రాశాను.

కెమెరా బాపు ఫోనుకు రోజు మొత్తం లెక్క కూడా పంపుతుందని నాకు తెలియదు. ఎవరు ఎప్పుడు కదిలారు, ఎప్పుడు కనిపించలేదు, అన్నీ గీతల్లాగా చూపిస్తుందట. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం సందులో ఉండగా బాపు అమ్మను అడగడం విన్నాను.

"పొల్ల ఏదే?"

"ఇంట్లనే ఉన్నది."

"ఇంట్లుంటే అగుపడాలె గదా. దినాం గీ యాళ్లకు నలభై నిమిషాలు అగుపడది. నేను సూస్తనే ఉన్న. ఏడికి వోతున్నది?"

"యేడికీ వోదయ్యా. గా బీర్వ ఎన్క కూసొని ఏందో రాసుకుంటది."

అమ్మ నన్ను పట్టివ్వలేదు. నేను ఎక్కడికో తిరగడానికి పోతున్నానని బాపు అనుకోకుండా కాపాడింది. ఆ తేడా నాకు అప్పుడే అర్థమైంది.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి బీరువా గోడకు అతుక్కుని ఉంది. నేల మీద ఈడ్చిన గీతలు. అమ్మ నడుము పట్టుకుని కూర్చుంది. ఒక్కతే జరిపిందట. నా నోట్‌బుక్కులు ఆరూ మంచం మీద, కెమెరాకు ఎదురుగా, దొంతిగా పెట్టి ఉన్నాయి.

"జరుపుమన్నడు" అంది అమ్మ. కాసేపటికి, "నేనేం తెర్వలే బిడ్డ. నాకు సదువే రాకపాయె" అంది.

అన్నం తినడానికి కూర్చోబోతుంటే మూలన గొంతు.

"బిడ్డ, ఏం రాస్తవే గన్ని బుక్కులు?"

"ఊరికే, బాపు."

"మా బిడ్డ రాస్తదని నాకు తెల్వనే తెల్వదు సూడు. గీడ అందరికి చెప్పిన. గా కరెంటు వోయిన ఆదివారం రాసినవా? గా దినం నాకేం అగుపడలే. పానం కొట్టుకున్నది. గది సదువు, ఇంట."

లోపల అమ్మ గంటె తిప్పడం ఆగింది. నేను నోట్‌బుక్కు తెరిచి, కాగితం మీద లేనివి చదివాను. గాలిదుమారం వచ్చింది. కరెంటు పోయింది. అమ్మ ఆకు కత్తిరించింది. బాపు యాదికొచ్చాడు. గొంతు వణికింది. నేను ఎప్పుడు చదివినా వణుకుతుంది కాబట్టి అది మామూలే అనుకుంటాడనుకున్నాను.

"మంచిగ రాసినవ్. గింతేనా? రెండు పేజీలున్నట్టున్నయి. జర ఇటు తిప్పి దగ్గర వట్టు. నేనే సదువుకుంట."

తిప్పాను. ఫోను ఆపేసిన సంగతి రాసిన వరుస మీద బొటనవేలు పెట్టాను. కెమెరాలో ఏదో సన్నగా జరిగిన చప్పుడు. బాపు ఏడో తరగతి చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం వినిపించింది. ఖాలా స్టూలెక్కిన దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు. అమ్మ కాళ్లు గోడకు ఆనించిన దగ్గర ఆగాడు. తర్వాత చాలాసేపు గోదాము దగ్గర లారీల హారన్లు మాత్రమే వినిపించాయి.

"ఏలు జరుపు బిడ్డ."

నేను జరపలేదు. జరపకుండా ఎంతసేపు ఉండగలిగేదాన్నో తెలియదు. అమ్మ లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి తల ఎత్తి నేరుగా ఆ మూలలోకి చూసింది.

"ఏలు కింద ఏమున్నదో నేను చెప్త. ఫోన్ల చార్జింగ్ ఉండె. నేనే బంద్ చేసిన. పొల్లనేం అనకు."

బాపు తిట్టలేదు. దగ్గాడు. కుర్చీ కిర్రుమంది. మళ్లీ మాట్లాడినప్పుడు అమ్మతో కాదు, నాతోనే మాట్లాడాడు. మొదటి రోజు పప్పు వెయ్యమన్నప్పటి మెత్తటి గొంతే.

"కరెంటు వోయినా నడిసే కెమెరాలు అచ్చినయంట బిడ్డ, బాటరీవి. వచ్చే నెల ఒకాయన వస్తుండు. రెండు పంపిస్త."