తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బైమూడు

మా లెక్కల మాస్టారికి తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బైమూడంటే మహా ఇష్టం. ఏటా పదో తరగతిలో ఎవరో ఒకరిని ఎంచుకుని, ఆ సంఖ్యని బోర్డు మీద వేసి, "కారణాంకాలు చెప్పి కూర్చో" అనేవారు. ఒకటీ, అదీ తప్ప దానికి వేరే కారణాంకాలు లేవు. అది ప్రధాన సంఖ్య. ఆ సంగతి ఆయనకి తెలుసు, నిలబడ్డవాళ్ళకి తెలియదు. అంతకు మించిన వినోదం ఆయనకి కొత్తపేటలో దొరికేది కాదు కాబోలు.

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో ఆ వంతు నాకొచ్చింది. ఇంటర్‌లో లెక్కల గ్రూపు తీసుకుంటానని క్లాసులో అన్నాను, అదీ నా నేరం. మా నాన్న కొబ్బరికాయలు ఒలిచే కూలీ.

"మీ కూలీల పేటలో లెక్కలెవరికే? దీన్ని విడగొట్టు, నేనే మీ నాన్నకి చెప్పి చేర్పిస్తాను" అన్నారు మాస్టారు. నాన్నకి ఆయన మాటంటే మాటే. ఆయన ఊఁ అంటేనే నాకు లెక్కలు.

నిలబడే భాగించాను. రెండు, మూడు, ఐదు, ఏడు, అలా తొంభైఏడు దాకా ప్రధాన సంఖ్యలన్నిటితోనూ. ప్రతిసారీ శేషం మిగిలింది. వందని వందతో హెచ్చిస్తే పదివేలు. ఇది అంతకన్నా తక్కువ. రెండు సంఖ్యల లబ్ధమైతే అందులో ఒకటైనా వందలోపు ఉండి తీరాలి. అక్కడ లేదంటే ఇంకెక్కడా లేదు. అది తట్టినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఎవరూ నేర్పకుండా నాకు దొరికిన మొదటి నిజం అది.

"దీనికి కారణాంకాలు లేవండీ" అన్నాను.

మాస్టారి మొహం మాడిపోయింది. "నాకే పాఠం చెప్తావా? రేపు మీ నాన్నని తీసుకురా" అన్నారు.

సాయంత్రం నాన్నకి అంతా పలక మీద వేసి చూపించాను. శ్రద్ధగానే విన్నాడు.

"అంత పెద్దాయన లేనిదాన్ని అడుగుతారేంటమ్మా? ఉంటాది. నీకు కనపడ్లేదంతే. ఏదో ఒకటి చెప్పేసి, తప్పయిపోయిందండీ అనేయ్."

మర్నాడు నాన్న భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని క్లాసు గుమ్మం బయట నిలబడ్డాడు. చెప్పమన్నట్టు నాకేసి తలూపాడు.

"ఏడండీ" అన్నాను.

మాస్టారు సుద్దముక్క అందుకుని నిదానంగా, అంకె అంకెనీ పైకి చదువుతూ ఏడుతో భాగించారు. శేషం ఐదు. క్లాసంతా ఘొల్లుమంది.

"చూసేవటయ్యా? ఏడో ఎక్కం రాని పిల్లకి లెక్కల గ్రూపుట!"

"ఆయ్, నిజమేనండీ" అన్నాడు నాన్న. మర్యాదకి తనూ నవ్వాడు.

మాస్టారిని నేను క్షమించలేదు, ఆ అవసరమూ కనిపించలేదు. నాన్న విషయమే ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. ఆ రోజు కాలవగట్టున ఇంటికి నడుస్తుంటే, నాన్న మొహంలో నిజంగానే సంతోషం.

"ఎంత మంచోరో చూసేవా అమ్మా? నీకు రాపోయినా తిట్టకుండా, ఓపిగ్గా చేసి చూపించేరు."

ఆ వేసవిలోనే నన్ను కుట్టుమిషను దగ్గర కూర్చోబెట్టాడు.