గడప బయట విడిచిన బూట్లు

మొన్న మా మనవరాలి బడిలో కొత్త లైబ్రరీ తెరిచిన్రు, ఇంటి పెద్దవాళ్ళను కూడా చూడ రమ్మన్నరంటే, తార్నాక నుంచి ఆటో మాట్లాడుకొని హబ్సిగూడ దాకా పోయిన. మా బిడ్డకూ అల్లునికీ డ్యూటీలు, ఇట్లాంటి పిలుపులన్నీ నా వంతుకే వస్తయి, నాకూ కావలసింది అదే. రెండో తరగతి చదివే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొని మెట్లెక్కించి ఒక రంగుల తలుపు ముందర నిలబెట్టింది. లోపల ఒక దిక్కు గోడ పొడుగునా పుస్తకాల అరలు, ఇంకో దిక్కు మన చిన్ననాటి పలకలంతంత కంప్యూటర్లు, కింద మొహం కనపడేటట్టు మెరిసే టైల్సు, ఆ టైల్సు మీద పిల్లలు బూట్లు టకటకలాడించుకుంట ఆ అర కాడికీ ఈ పలక కాడికీ తిరుగుతున్నరు. నేను గడప దగ్గర ఆగి చెప్పులు విడిచిన. ఎవరూ విడవమనలేదు, నా కాళ్ళే విడిచినయి. మనవరాలు వెనక్కి తిరిగి చూసి, "అమ్మమ్మా, ఇదేమన్న గుడా? వేసుకో, మా ఫ్రెండ్స్ చూస్తున్నరు" అని గునిసింది. వేసుకోబుద్ధి కాలేదు. చల్లటి గచ్చు అరికాళ్ళకు తగిలేసరికి, ఎన్నడో చూసిన వరండా ఒకటి నా కళ్ళ ముందర వచ్చి నిలబడ్డది.

మన ఈడు వాళ్ళకైతే చెప్పే పని లేదు గాని, ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతరు. కంప్యూటర్ ఉన్న గదిలోకి పోవాలంటే ఒకప్పుడు బూట్లు బయట విడిచి, దేవుని ముందరికి పోయినట్టు పోయేటోళ్ళు.

అప్పుడు మేము యూనివర్సిటీ లోపలనే, తోటపని వాళ్ళ క్వార్టర్లల్ల ఉండేటోళ్ళం. మా ఇంటాయన మొక్కలకు నీళ్ళు పట్టేటోడు, నేను అక్కడి ఉద్యోగస్తుల పిల్లల కోసం నడిపే చిన్న బడిలో ఆయమ్మను. విద్యానగర్ దిక్కు నుంచి వచ్చే టీచర్లూ, తార్నాకలో బస్సు దిగి వచ్చే టీచర్లూ వేపచెట్ల నీడన మాట్లాడుకుంట నడిచి వచ్చేటోళ్ళు. ఎండాకాలం పొద్దున పూట ఆ దారిలో రాలిన పూత మీద నడుస్తుంటే వచ్చే వాసన, ఇప్పుడు నెత్తి మీదకెళ్ళి మెట్రో పోయే తార్నాకలో నిలబడి తలుచుకున్నా నా ముక్కుకు తగులుతది.

ఆ బడిలో లైబ్రరీ అంటే పెద్దగా ఊహించుకోకండ్రి. అద్దాల తలుపుల బీరువాలు రెండు, కింద బూట్లతోనే కూర్చునే ఈతచాపలు, తలుపు తీస్తే గుప్పుమనే కలరా ఉండల వాసన. తాళంచెవి నా కొంగుకు ఉండేది. పిల్లలు వేలు పెట్టి చూపిచ్చిన పుస్తకం తీసియ్యడం, పేజీలు చినగకుండ చూసుకోవడం, మళ్ళీ లోపల సర్దడం నా పని. నేను చదివింది మూడో తరగతి, పెద్దక్షరాలైతే కూడబలుక్కుంట, వత్తులొచ్చిన కాడ ఆగిపోత. కాని కథ మాత్రం ఒక్కసారి చెవిన పడితే మళ్ళ పోదు, ఇప్పుడు మా మనవరాలికి రాత్రి పూట చెప్పే కథలన్నీ ఆ బీరువాలల్ల నుంచి వచ్చినయే.

నాకు ఆ కథలు చదివి వినిపించింది హాస్టల్ మెస్సులో గిన్నెలు తోమే ఆయన బిడ్డ. మూడో తరగతి. బక్కగ, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకొని, లైబ్రరీ పీరియడ్ రాంగనే నా పక్కన ఒరుసుకొని కూర్చొని నా కోసమని గట్టిగ చదివేది. నేను ఒక లైను చదువుతనని మొదలుపెట్టి వత్తు కాడ ఆగితే, "ఏంది ఆయమ్మా, రాయికి తట్టుకున్న ఎడ్లబండి లెక్క ఆగుతవు" అని కిలకిల నవ్వేది. ఆ యేడు మేమిద్దరం పట్టుకున్నది, మబ్బు ఇల్లు ఎట్లుంటదో చూస్తనని కొండ ఎక్కబోయిన ఒక చేప కథ. లావు పుస్తకం, పీరియడుకు రెండు మూడు పేజీల కంటె సాగకపోయేది.

కంప్యూటర్లు వచ్చింది కూడ ఆ యేడే. లైబ్రరీ పక్క గది ఖాళీ చేయించి, కిటికీలు బందు పెట్టించి, ఏసీ బిగించిన్రు. పెద్ద మేడం గదిలోనే ఏసీ లేకపోయె, గిర్రుమనే ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంట కూర్చునేది ఆమె. గచ్చు మీద నున్నటి తెల్ల షీటు పరిచిన్రు, కంప్యూటర్లకు కొత్త పెండ్లికూతుళ్ళ లెక్క ముసుగులు కుట్టిచ్చిన్రు. దుమ్ము తగిలితే పాడైతయట, అందుకని ఎంతటోళ్ళైనా బూట్లు బయటనే. నేర్పేటందుకు అంబర్‌పేట్ నుంచి స్కూటర్ మీద ఒక కుర్ర సారు వచ్చేటోడు. క్లాసును రెండు చేసి, సగం మందిని కంప్యూటర్లకు, సగం మందిని లైబ్రరీకి పంపి, నడుమ గంట కొడితే ఇటోళ్ళు అటు, అటోళ్ళు ఇటు మారేటట్టు ఏర్పాటు చేసిన్రు. రెండు తలుపుల నడుమ వరండాలో కూర్చొని ఆ బూట్లు కాపలా కాసుడు నా పనిలో కలిసింది. అన్నీ నల్లబూట్లే, అన్నీ ఒక్క తీరే. ఒక పిలగాడు కుడికాలికి తనదీ, ఎడమకాలికి దోస్తుదీ వేసుకొని ఇంటికి పోతే, తెల్లారి వాళ్ళ నాయిన ఆ ఒంటి బూటు సంచిలో పెట్టుకొని వచ్చి, "ఈ బూటు జోడు ఎవరి కాలికున్నదో జర చూడు తల్లీ" అని అడిగిండు.

పిల్లలంతా గంట కొట్టకముందే కంప్యూటర్ల దిక్కు ఉరకడానికి లేచి నిలబడేటోళ్ళు. మెస్సాయన బిడ్డ మాత్రం అటు కాలు పెట్టకపోయేది. ఒకసారి కడుపునొప్పి, ఒకసారి తలనొప్పి, ఒకసారి బీరువా సందున పోయి కూర్చున్నది. మిషన్ అంటే భయమనుకున్నరందరు. కుర్ర సారు గడప కాడికొచ్చి, "అది కరవదు తల్లీ, నేను కట్టేసిన, రా" అని బతిమిలాడిండు. పిల్ల బీరువా సందులకు ఇంకింత జరిగింది. క్లాసు మేడం కోప్పడ్డది. చివరికి పెద్ద మేడం ఒక మాట చెప్పేసింది: రెండూ కలిపి ఒకటే పీరియడ్, వచ్చే వారం నుంచి కంప్యూటర్లకు పోనోళ్ళకు లైబ్రరీ కూడ లేదు, క్లాసులనే కూర్చొని ఎక్కాలు రాసుకోవాలె. ఆ మాట చెవిన పడ్డప్పుడు పిల్ల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకొని, దాని అట్ట మీద ఉన్న చేపను వేలితోని రాసుకుంట కూర్చున్నది. చేప ఇంకా సగం కొండ కూడ ఎక్కలేదు. ఆ చేప ఏమైతదోనన్న రంది పిల్లకెంతో నాకూ అంతే.

ఆ వారంలనే ఒకనాడు బడి విడిచే యాళ్ళకు వాన దంచి కొట్టింది. గేటు ముందర నీళ్ళు నిలిచినయి. పిల్లలంతా బూట్లూ సాక్సులూ చేతుల పట్టుకొని కేకలు పెట్టుకుంట నీళ్ళల్ల దుంకుతున్నరు, ఈ పిల్ల ఒక్కతి మెట్ల మీద నిలబడి చూస్తున్నది. తడుస్తవని, నేనే ఎత్తుకొని దాటిద్దామని చంకనేసుకున్న. సగం దాటేసరికి ఒక బూటు జారి నీళ్ళల్ల పడ్డది. చూస్తే, బూటులో ఉండవలసిన పాదం మొత్తం ఉత్త పాదమే, పైన చీలమండ కాడ మాత్రం తెల్లటి సాక్సు కడియం లెక్క ఉన్నది. పాదం కాడ చినిగిపోయిందంతా కత్తిరించి, పోగులు లేవకుండ అంచు మడిచి, సన్న దారంతోని ఎంత నీటుగ కుట్టిందో ఆ తల్లి. ప్రార్థన కాడ డ్రిల్లు సారు సాక్సులు చూస్తడు గద, బూటు పైన కనపడే ఆ కాస్త తెల్లదనం చాలనుకున్నది. బడిలో బూట్లు విప్పే గది ఒకటి వస్తదని ఆమెకేం ఎరుక!

పిల్ల నా మెడ గట్టిగ పట్టుకొని చెవిలో అన్నది: "ఆయమ్మా, ఎవ్వరికి చెప్పకు. మేడంకు చెప్పకు. మా అమ్మకు అసలే చెప్పకు, ఏడుస్తది."

చెప్పనని మాటిచ్చిన. కొత్త జత కొనియ్యడం నాకు పెద్ద పని కాదు, కాని కొనిస్తే ఆ తల్లి ఎక్కడిదని అడగక మానదు, అంత ఓపికతోని కుట్టిన కుట్టును నేను ఎత్తిపొడిచినట్టు అయితది. మేడంకు చెప్తే పిల్లకిచ్చిన మాట పోతది. అన్నం వండుకుంట, ఇల్లు ఊడ్చుకుంట అదే ఆలోచన.

తెల్లారి చాయ్ తీసుకొని పోతే కుర్ర సారు గది బయట నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని ఊపిరి పీల్చుకుంటున్నడు. మీరూ ఆలోచించండ్రి, కిటికీలు బందు, తలుపు బందు, లోపల సగం క్లాసు పిల్లల ఉతకని సాక్సులు! నాకు దారి కనపడ్డది. "సార్, ఆ సాక్సులు గూడ విప్పించరాదుండ్రి?" అన్న. "కాళ్ళు నల్లా కింద కడిగించి, గోనెపట్టా మీద తుడిపించి పంపిస్త. ఆ నున్నటి షీటు మీద సాక్సులతోని పోరగాళ్ళు జారుడుబండ ఆడుతున్నరు, ఎవనిదన్న పన్ను ఊడితే మీ నెత్తి మీదికే వస్తది."

"ఇన్ని రోజులు ఈ మాట చెప్పకుండ ఏం చేసినవు ఆయమ్మా! ఆ వాసనకు కంప్యూటర్లు బతికినా నేను బతికేటట్టు లేను" అని, చాయ్ అక్కడనే పెట్టి పెద్ద మేడం గదికి ఉరికిండు. తెల్లారి ప్రార్థనలనే కొత్త రూలు చెప్పిన్రు.

ఆ పీరియడు నాడు నేను వరండాలో రాజ్యం ఏలిన. "బూటు విప్పుడుతోనే సాక్సు లోపల కుక్కాలె, ఒక్కని సాక్సు గూడ నా కండ్లకు కనపడొద్దు, కనపడ్డదో చెట్టు మీద కాకికేస్త" అని బెదిరిస్తే, అందరూ నవ్వుకుంట గబగబ దాచేటోళ్ళే. నేను స్తంభం పక్కన కొంగు అడ్డం పరుచుకొని కూర్చున్న, ఆ చాటుకు వచ్చి కూర్చున్నదెవరో నేను తిరిగి చూడలేదు. ఒక్క చిటికెల చిన్న చెయ్యి నా వీపు మీద ఆనించి లేచి, నల్లా కాడికి పోయి, కాళ్ళు కడుక్కొని, అందరితోని కలిసి లోపలికి పోయింది. ఆ తెల్ల షీటు మీద తడి పాదాల ముద్రలు పడ్డయి, ఏది ఏ పిల్లదో చెప్పలేము.

కాసేపటికి తలుపు సందుల నుంచి, "ఆయమ్మా, రా, చూడు" అని పిలిచింది. ఊడ్చేటప్పుడు తప్ప, పిల్లలున్నప్పుడు నేను ఆ గదిలోకి పోయింది లేదు. పగుళ్ళు పట్టిన నా మడిమలు చూసుకొని, వద్దులే బిడ్డా అన్న. "కడుక్కొని రా, మేము కడుక్కోలేదా?" అన్నది, పెద్ద మేడం తీరుగ. కడుక్కొని పోయిన. తెర మీద చిన్న ముక్కోణం ఒకటి ఉన్నది, దాన్ని తాబేలంటరట, ఎటు పొమ్మంటే అటు గీత గీసుకుంట పోతది. పిల్ల ఒక్కొక్క మీట వెతికి వెతికి నొక్కి కొండ గీసింది. చేప ఏది బిడ్డా అంటే, "ఇంకా ఎక్కుతున్నది, గంట కొట్టినంక చదువుదాం" అన్నది.

చదివినం. అట్ట నుంచి అట్ట దాకా చదివినం. ఆ రూలు మాత్రం నేనున్నన్ని యేండ్లు ఉన్నది. కొత్తగ వచ్చిన టీచర్లు అది కంప్యూటర్ల కోసమే పెట్టిన రూలనుకున్నరు, నేనూ అవునన్నట్టే తల ఊపిన. ఐదో తరగతి అయినంక ఆ పిల్ల వేరే బడికి పోయింది, మేమూ క్వార్టర్ ఖాళీ చేసి ఇటు వచ్చినం.

మొన్న ఆ మెరిసే గదిలో, పలకల కాడికి పోకుండ అర పక్కన చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డ ఒక పిల్ల కనపడ్డది. పోయి పక్కన కూర్చొని, "నాకు వత్తులొస్తే చదవరాదు బిడ్డా, జర చదివిపెడతవా" అని ఒక పుస్తకం చేతికిచ్చిన. ముందు నా ఉత్త కాళ్ళ దిక్కు చూసింది, తర్వాత నా మొహం చూసింది, మెల్లగ చదవడం మొదలుపెట్టింది. అంతల గంట కొట్టింది. పుస్తకం నా ఒళ్ళో పెట్టి, బూట్లు టకటకమనుకుంట అందరితోని కలిసి ఉరికింది. ఎందుకు అట్ల నిలబడ్డదో నాకు తెలియనే లేదు.

ఇప్పటి కంప్యూటర్లకు దుమ్ము భయం లేదు, ఏ పిల్ల సాక్సూ ఎవరి కంటా పడే పని లేదు, మంచిదే. కాని బూట్లు విప్పుకునేటప్పుడూ, మళ్ళ వేసుకొని లేసులు కట్టుకునేటప్పుడూ గడప కాడ పిల్లలు కాసేపు ఆగేటోళ్ళు. తల వంచుకొని లేసు ముడి వేసుకుంట, ఇంట్ల చెప్పనిది, క్లాసుల చెప్పనిది, అన్నీ నాకు చెప్పేటోళ్ళు. ఆ కాసేపు ఇప్పుడు లేదు. నేను బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, నా మనవరాలు మాత్రం ఓపిక పట్టి గడప కాడ నిలబడ్డది.