పదమూడు వందల ఏళ్ల నాటి చావు

పుర్రెకో బుద్ధి అన్నారు. విదేశంలో స్థిరపడి, బోమాంట్ ఆసుపత్రిలో మత్తు డాక్టరైన దత్తాత్రేయ బుద్ధి కుండల మీదికి పోయింది. పోనీ మన కుండలా అంటే అదీ కాదు. కొలంబస్ ఇంకా పడవెక్కని రోజుల్లో పెరూలో, మెక్సికోలో, కొలంబియాలో చేసినవి. వంటింట్లో అలమరలన్నీ వాటికే సరిపోయేవి. భార్య గిరిజాకుమారి గిన్నెలు మంచం కింద కాపురం చేసేవి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆయన కుండలు చూపించేవాడు. వాళ్లు చాయ్ తాగి, ఫోన్లు చూసుకుని వెళ్లిపోయేవారు. ఒక్కడైనా నిలబడి శ్రద్ధగా చూడలేదే అని పాపం లోపల్లోపలే కుమిలేవాడు.

అందుకే కరీంనగర్ నుంచి గిరిజ చిన్నాన్న కొండల్ రావు వచ్చిన రోజు తన ప్రాణంలాంటి మాయన్ పళ్ళేన్నే బయటికి తీశాడు.

"నడుమ గీ చిల్లేంది అల్లుడా?"

"గదే దీని గొప్ప, మామా! మనిషి పోతే పళ్ళేనికి చిల్లు పొడిచి, మొహం మీద బోర్లించి పాతిపెట్టేటోళ్లు."

కొండల్ రావు చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"పీనుగు కుండను ఇంట్ల పెట్టుకున్నవా? చిల్లయితే పొడిచిండ్రు. భుజం మీదికెళ్లి ఎనకకు పడేసిండ్రా?"

"లేదు."

"అయితే కర్మ సగంల ఆగింది. కుండ ఎవని చేతుల ఉంటే వాడే కర్త. నువ్వే పడేయాలె, తిరిగి చూడకుండ పోవాలె."

"పదమూడు వందల ఏండ్లయింది మామా!"

"అందుకే అంటున్న, ఇంక ఆలస్యం చెయ్యకు."

గిరిజ స్టవ్ ఆపేసింది. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా!

"ఆ పళ్ళెం లేస్తేనే పొయ్యి ముట్టిస్త," అంది. మంచం కింది గిన్నెల కసి అంతా ఆ మాటలో ఉంది.

కూతురు నవీన ఆకలికి తాళలేక పక్కింటి జెర్రీ దగ్గరికి పోయి, ఇంట్లో వంట ఎందుకు లేదో చెప్పింది. జెర్రీకి బోధపడింది ఒక్కటే, ఆ ఇంట్లో ఎవరో పోయారు. సాయంత్రానికల్లా వీధి వీధంతా సాండ్‌విచ్‌లు పట్టుకుని దిగింది. ఒక్కొక్కరే దత్తాత్రేయ చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అంటూ పరామర్శించారు.

"వయసెంత?" అన్నాడు జెర్రీ.

"పదమూడు వందలు."

"గ్రాండ్ ఏజ్," అని జెర్రీ తల పంకించాడు.

అందరూ టోపీలు తీసి, వరుసగా వచ్చి, కడసారి చూపు చూసినట్టే బల్ల మీది పళ్ళెం మీదికి వంగి చూశారు. వెలిసిపోయిన రంగుల్లో ఉన్న పిట్ట బొమ్మను చూసి ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంది. దత్తాత్రేయ పళ్ళేన్ని వాళ్లకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు. ఇన్నేళ్లూ ఆయన కోరుకున్నది ఇదే.

"పాపం, పేరేమిటి?" అని ఆవిడ అడిగింది.

ఆ పేరు ఆయనకు తెలియదు. ఆ మట్టి ఎక్కడిదో, ఆ ఎరుపు ఏ రాయిదో గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. దాని కింద ఉండిన మొహం ఎవరిదో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

పళ్ళేన్ని భుజానికెత్తుకుని పెరట్లోకి నడిచాడు. బట్టలారేసే కంబం చుట్టూ తిరిగి, కళ్లు మూసుకుని వెనక్కి వదిలేశాడు.

పగిలిన చప్పుడు రాలేదు. వానకు నానిన గడ్డి మెత్తగా ఉంది. ఒక్కసారి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఏడుస్తూనే ముందుకు నడిచాడు. వంటింటి గుమ్మంలో జెర్రీ ఆయన భుజం మీదుగా పెరట్లోకి తొంగి చూసి, ఏదో చెప్పబోయాడు.

దత్తాత్రేయ గబుక్కున అతని నోరు మూశాడు.

"చెప్పొద్దు," అన్నాడు.