చెన్నమ్మ ఊదిన సబ్బు బుడగలు

1943. వనపర్తి దవాఖానలో నేను కాంపౌండరుని. మందులు కలపడం, కట్లు కట్టడం, రోగులతో వాదులాడటం అన్నీ నా పనులే. ఆ వానాకాలంలో లింగాల నుంచి బాలమ్మ అనే కూలిమనిషి తన ఎనిమిదేళ్ల కూతురు చెన్నమ్మను ఎడ్లబండిలో తీసుకొచ్చింది. న్యుమోనియా ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము చేరింది. దీన్ని ఎంపైమా అంటారు. డాక్టరుగారు కుడి డొక్క కోసి, గొట్టం పెట్టి చీము తీశారు. ముడుచుకుపోయిన ఊపిరితిత్తి విచ్చుకోవాలంటే పిల్ల నిండుగా గాలి పీల్చాలి. లేకుంటే మళ్లీ కోత తప్పదని, ఈసారి పిల్ల తట్టుకోలేదని ఆయన చెప్పారు.

నొప్పికి భయపడి చెన్నమ్మ పైపైనే ఊపిరి తీసేది. కుడి డొక్క కదిలేదే కాదు. బతిమాలాను, కసిరాను. మొండిఘటం, వింటేనా! చివరికి గిన్నెలో సబ్బునీళ్లు కలిపి, బోలుగా ఉండే ఆముదపు ఆకు కాడ ఒకటి చేతికిచ్చాను.

ఉత్త నీళ్లతో బుడగ నిలవదు. నీటి పైపొర ఎప్పుడూ బిగుసుకుని ముడుచుకోవాలనే చూస్తుంది. అదే సర్ఫేస్ టెన్షన్. సబ్బు ఆ బిగువును తగ్గిస్తే పొర సాగుతుంది. అయినా ముడుచుకునే గుణం పూర్తిగా పోదు కాబట్టే బుడగ గుండ్రంగా వస్తుంది. గబుక్కున ఊదితే పగులుతుంది. నిండా పీల్చి మెల్లగా వదిలితే పెద్దదవుతుంది. నాకు కావలసిందీ అదే.

మొదటి బుడగ పగలగానే బాలమ్మ గిన్నె లాగేసుకుంది.

"నీకు దండం పెడ్త సారూ, గిది ఊదిపియ్యకు. సబ్బు బుగ్గ పలిగితే పానం పోయినట్టే అంటరు మావోళ్లు. రోగమున్న పిల్లతోని గిట్లనా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆమె గిన్నెను కొంగు చాటున దాచి పిల్లకు అడ్డంగా కూర్చుంది. చూస్తే జాలేసింది.

"బుగ్గను చూడకు బాలమ్మా. పలిగినంక పిల్ల ఏం చేస్తదో జర చూడు" అన్నాను.

ఆమె మూటలోంచి బెల్లం ముక్క తీసి ఆ నీళ్లలో కరిగించింది. "గిట్లన్న జరసేపు నిలుస్తదేమో" అంటూ గిన్నె పిల్ల ముందు పెట్టింది. నిజంగానే నిలిచింది, బెల్లం పొరను తొందరగా ఆరనివ్వదు. కానీ అదీ పగిలింది. బాలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"అమ్మా, ఇంకోటి ఊదుత" అంటూ చెన్నమ్మ గాలి పీల్చింది. నేను బాలమ్మ చేతిని పట్టుకుని పిల్ల కుడి డొక్క మీద ఆనించాను.

"సారూ, లేస్తంది! ఈ దిక్కు సుత లేస్తంది!" అని బాలమ్మ ఏడ్చేసింది.

రెండో కోత అవసరం పడలేదు. భయపడుతున్న తల్లికి వాదన పనికిరాదని, బిడ్డ ఊపిరి ఆమె చేతికి తెలియాలని నాకు ఆ రోజే అర్థమైంది. ఆ తర్వాత బుడగ పగిలినప్పుడల్లా వార్డంతా వినిపించేలా బాలమ్మే అరిచేది: "పోనీ బిడ్డా, ఇంకోటి ఊదు!"